మూడు మూలల మరియమ్మ

స్తమతీయాకు ఒకప్పుడు చదువుకున్నవాళ్లంటే భయం. కూతురు అంథూలా పోయాక ఆ భయం పోయి ఈసడింపు మిగిలింది. తెల్లకోట్లవాళ్లు జబ్బుకు పూటకో పేరు చెప్పారు. అందులో ఏ పేరూ పిల్లను బతికించలేదు.

కవాలా అనే రేవుపట్నంలో కొండవాలున రెండు గదుల ఇల్లు ఆమెది. మూడో తరగతిలోనే బడి మాని పొగాకు గోదాములో ఆకు వేరుచేసే పనికి వెళ్లింది. పెద్దాకు, నడిమాకు, చిట్టాకు... అంచు వెంట వేలు పోనిచ్చి, చూడకుండానే చెప్పేది. మొగుడు పోయాడు, గోదాములు మూతపడ్డాయి, కూతురూ పోయింది. పోనిది ఒక్కటే, శనివారం పూట చర్చికి రొట్టె చెయ్యడం. గుండ్రటి రొట్టె మీద కొయ్యముద్ర వత్తాలి. నడుమ పడే చతురస్రం క్రీస్తుది. ఒక పక్కన పెద్ద ముక్కోణం మరియమ్మది. రెండో పక్కన తొమ్మిది బుల్లి ముక్కోణాలు దేవదూతలవి. ముద్ర వంకరపడితే ఆ రొట్టె చర్చికి పనికిరాదు, ఇంట్లో తినాల్సిందే.

అల్లుడు లెఫ్తేరిస్ ఓడరేవులో క్రేను నడుపుతాడు. రెండున్నరేళ్ల కూతురు మెరోపీని పొద్దున్నే తెచ్చి అత్తగారి ఒళ్లో పడేసి వెళతాడు. మనిషి మంచివాడు, ఉడికించిన గుమ్మడికాయంత మంచివాడు. ఒకరోజు గడపలో నిలబడి చెప్పుతో నేల గీరుతూ అన్నాడు.

"అత్తయ్యా, వచ్చే శనివారం అక్క వస్తోంది. పాపకు గుండ్రాలూ చతురస్రాలూ వచ్చో రావో చూస్తుందట. ఆ వయసుకి రావాలట."

"రాకపోతే?"

"తనుండే సలొనీకి నగరానికి తీసుకెళ్లి తనే పెంచుతానంటోంది."

"నువ్వేమన్నావు?"

"చూద్దాంలే అన్నా."

"చూద్దాం! మీ అమ్మకు నొప్పులొచ్చినప్పుడు కూడా నువ్వు లోపల్నుంచి చూద్దాంలే అనే ఉంటావు నాయనా."

అక్కగారి పేరు పొలిక్సేని. పిల్లల్లేరు, పిల్లల పెంపకం మీద సర్టిఫికెట్లున్నాయి. ఫోన్లోనే స్తమతీయాకు పాఠాలు చెప్పేది: పిల్లను నేలమీద కూర్చోబెట్టండి, బొమ్మ చూపండి, పేరు మూడుసార్లు పలకండి, చప్పట్లు కొట్టండి. గుండ్రంగా ఉన్నదాన్ని గుండ్రం అనడానికి చప్పట్లెందుకో స్తమతీయాకు అంతుపట్టలేదు. సర్కస్ ఎలుగుబంటిని ఆడించేవాడు కూడా అలాగే చేస్తాడు, పైగా వాడు దానికి చక్కెర పెడతాడు.

ఆమె పద్ధతి వేరు. అసలు పద్ధతి అని ఆమె అనుకోనేలేదు. పిండి పిసికేటప్పుడు పిల్ల కాళ్లకు అడ్డం పడుతుంటే ఓ ముద్ద తుంచి ఇచ్చింది, దాంతోపాటు అంచులరిగిన పాతముద్రొకటి. మెరోపీ వత్తింది, చెరిపింది, మళ్లీ వత్తింది. "ఇది ఎవరిల్లు?" అనేది అమ్మమ్మ. బుల్లి వేలు పట్టుకుని గాడి వెంట నడిపించేది, మూల వచ్చినప్పుడల్లా ఆగి "టక్" అనేది. నాలుగు టక్కులైతే క్రీస్తు. మూడైతే మరియమ్మ. ఎంత తిరిగినా టక్కు రాకపోతే రొట్టె. ఆ తర్వాత ఇల్లంతా వేట. కిటికీ అద్దంలో క్రీస్తు దొరికాడు. మడిచిన తలగుడ్డలో, కోసిన పాలకూర అప్పంలో మరియమ్మ దొరికింది. గిన్నె మూతా, చొక్కా గుండీ, అమ్మమ్మ బొడ్డూ అన్నీ రొట్టెలే.

శనివారం పొలిక్సేని వచ్చింది. పిల్లను ముద్దు పెట్టుకునే ముందు చేతులకు క్రిములు చచ్చే మందు రాసుకుంది. పిండి పరిచిన బల్లను చూసి ముక్కు ఎగబీల్చింది. సంచీలోంచి ఆకారాల బొమ్మలున్న అట్టలు తీసి, నేలమీద గొంతుక్కూర్చుని, గొంతులో తేనె పోసుకుంది.

"మెరోపీ బంగారం! ఇదేమిటో చెప్పు అత్తకు?"

పిల్ల అట్ట మీది ఎర్రటి ముక్కోణం చుట్టూ వేలు తిప్పింది. "టక్, టక్, టక్. మరియమ్మ."

పొలిక్సేని తేనె విరిగింది. ఇంకో అట్ట పట్టుకుంది. "ఇది?"

"క్రీస్తు."

"ఇది?"

"రొట్టె!" అని మెరోపీ తనే చప్పట్లు కొట్టుకుంది.

లెఫ్తేరిస్ ఫక్కున నవ్వి, అక్క చూడగానే దాన్ని దగ్గుగా మార్చేశాడు.

"ఏమిటత్తయ్యగారూ ఇది?" అంది పొలిక్సేని. " పిల్లకు ఆకారాలు నేర్పమంటే జపాలు నేర్పారా? రేపు బడిలో ముక్కోణం చూసి సిలువ గుర్తేసుకుంటే నవ్వరూ?"

 ముద్ర మీది పేర్లే స్తమతీయాకు అలవాటు. లోకం వాటిని వేరే పేర్లతో పిలుస్తుందని పిల్లకు చెప్పాలనే తోచలేదు. పొరపాటు తనదే. కానీ ఈ మనిషి ముందు ఒప్పుకోవడం కంటే పచ్చిపిండి మింగడం మేలు.

"నవ్వితే నవ్వనీ అమ్మాయ్. పేరు ఒక్కపూటలో మారుతుంది. మూలలు లెక్కపెట్టడం నీ అట్టలు నేర్పాయేమో చెప్పు."

పొలిక్సేని చివరి ఆయుధం తీసింది. మూతకు రకరకాల కంతలున్న పెట్టె, వాటిలో పట్టే రంగుల దిమ్మెలు. మెరోపీ ఒక్కో దిమ్మె అంచు తడిమి, తగిన కంత వెతికి, ఒకటీ తప్పకుండా లోపల పడేసింది. ఆపైన పెట్టె బోర్లించి గిలకరించింది.

"దూతలేరీ?"

"ఏమంటోంది?"

"నీ పెట్టెలో మరియమ్మ ఉంది కానీ దేవదూతలు లేరట. తొమ్మిదిమంది ఉండాలి మరి. నీకు సగం సరుకే అంటగట్టారు," అంది స్తమతీయా.

పొలిక్సేని లేచి బట్టలు దులుపుకుంది. "చూశావా తమ్ముడూ, ఎంత చురుకో! ఇంత తెలివైన పిల్ల ఈ పిండి మధ్యా పొగ మధ్యా ఉండాలా? ఇందుకే నాతో పంపమంటున్నా. పైగా అది మా అమ్మ పేరు పెట్టుకున్న పిల్ల."

స్తమతీయాకు అప్పుడు తెలిసింది. రాకపోయినా తీసుకెళుతుంది, వచ్చినా తీసుకెళుతుంది. పరీక్ష పిల్లకు కాదు, తండ్రికి.

"పేరు మీ అమ్మది, ముక్కు చీదే చెయ్యి నాది," అంది. అల్లుడి వైపు తిరిగింది. "నేను చెప్పను, ఆమె చెప్పినా వినను. తండ్రివి నువ్వు. నోరు తెరువు."

లెఫ్తేరిస్ కిటికీ వైపు చూశాడు, చెప్పుల వైపు చూశాడు. "పాపనే అడుగుదామా..."

"రెండున్నరేళ్ల పిల్ల వెనక దాక్కుంటావా? అంత పెద్ద క్రేను ఎలా నడుపుతున్నావురా, దాన్నీ అడిగే తిప్పుతావా?"

 పొలిక్సేని అప్పటికే పిల్ల కోటు అందుకుంది. గుండీలు ఒకదాని కంతలో ఒకటి పెడుతోంది. అది స్తమతీయా చూసింది. చూసి జాలేసినందుకు తనమీద తనకే కోపమొచ్చింది.

"అక్కా, కోటు విప్పు," అన్నాడు లెఫ్తేరిస్. ఆమె ఆగలేదు, మళ్లీ అన్నాడు. "విప్పక్కా. బడికెళ్లేదాకా పాప ఇక్కడే ఉంటుంది. నువ్వొచ్చి చూసిపో, ఎన్నిసార్లయినా రా. తీసుకెళ్లడం మాత్రం వద్దు."

పొలిక్సేని తమ్ముణ్ని చూసింది, కుర్చీ లేచి మాట్లాడితే చూసినట్టు. అట్టలు సర్దుకుని మెట్లు దిగిపోయింది.

లెఫ్తేరిస్ ఉన్నచోటనే చతికిలబడ్డాడు. నుదుటి చెమట తుడుచుకోవాలని కూడా తోచలేదు. స్తమతీయా వేడి చిక్కుళ్లు గిన్నెలో వడ్డించి అతని ముందు పెట్టింది.

"తిను. నాలుగు మాటలు ఆడేసరికి ఒంట్లో సత్తువంతా పోయుంటుంది."