అమ్మే కూర, తినే కూర

మా ఇంట్లో కూరలు రెండు రకాలు. అమ్మేవి, తినేవి. పొద్దున్న వచ్చేవి అమ్మేవి, సాయంత్రం మిగిలేవి తినేవి. ఈ రెంటికీ మధ్య ఒక పగటి ఎండ ఉండేది.

ఒడిశా బరంపురంలోని బడాబజారులో మా అమ్మ కూరలు అమ్మేది. అమ్మమ్మా అక్కడే అమ్మిందట. తెల్లవారేసరికి ఖల్లికోట వైపు నుంచి పాసింజరు బండిలో వంకాయలు, బీరకాయలు దిగేవి. పురుషోత్తంపూర్ బస్సు టాపు మీది నుంచి ఆకుకూరల మూటలు దిగేవి. అమ్మ బేరమాడి, తట్టలకెత్తించి, నాన్న ట్రాలీ రిక్షా మీద వేయించి బజారుకు తెచ్చేది. తడిపిన గోనె పరిచి, తోటకూర కట్టల్ని ఆకులు బయటికి కనబడేలా పేర్చి, చేత్తో నీళ్లు చిలకరించేది. ఒక్కో ఆకునీ సర్దుతుంటే పిల్లకి తల దువ్వుతున్నట్టుండేది. నా తల మాత్రం ఏనాడూ అంత ఓపిగ్గా దువ్విన పాపాన పోలేదు.

నేను ఇంటర్ చదువుతూ, కాలేజీ వేళయ్యేదాకా అమ్మ పక్కన కూర్చుని అమ్మేదాన్ని. ఆ పచ్చటి కట్టల్లో ఒక్కటీ మా ఇంటికి వచ్చేది కాదు. బోణీ కాకముందు తట్టలోంచి ఆకు తుంచినా ఆ రోజు బేరం చెడుతుందని నమ్మకం. పోనీ బోణీ అయ్యాక తీసి పెట్టొచ్చు కదా అంటే, అప్పటికి కొనేవాళ్లు ముసురుకుంటారు. నాలుగు డబ్బులొచ్చే వేళ సరుకు ఇంటికి దాచుకునే వెర్రిది ఎవరుంటారు? అలా మా వంతుకు పుచ్చు వంకాయలు, నారెక్కిన బెండకాయలు, వడిలి తాడులా అయిపోయిన తోటకూర, కాకి పొడిచిన జామకాయ మిగిలేవి. పుచ్చు కోసి పారేసి, మిగిలినదాంట్లో ఇంత కారం, ఇంత చింతపండు వేసి అమ్మ ఉడికించేది. తిన్నది కూరో కారమో తెలిసేది కాదు. సరుకంతా అమ్ముడుపోయిన రోజున అదీ లేదు. చద్దన్నం, ఉల్లిపాయ.

"ఇయ్యాల తట్ట కడిగేసినట్టయిపోనాది" అని అమ్మ గొప్పగా చెప్పుకుంటూ గడప తొక్కేది. ఆ మాట వినగానే ఈ పూట కూర లేదని మాకు అర్థమయ్యేది.

మా వీధంతా అదే వరస. చేపలమ్మే వాళ్లింట్లో ఎండుచేప, పాలుపోసే వాళ్లింట్లో పాలు లేని టీ. ఎవరికీ అందులో వింత కనబడలేదు. కనబడాలంటే బయటినుంచి ఎవరో రావాలి కదా. వదిన వచ్చింది.

మా అన్నయ్య బట్టల కొట్టులో మూటలు మోసేవాడు. వదినది పురుషోత్తంపూర్ దగ్గర పల్లె. వాళ్లమ్మా నాన్నా ఒకరి పొలంలో కూలికి పోయేవాళ్లు. మాకన్నా లేనివాళ్లే. అయినా పొద్దుగూకి ఇంటికి వస్తూ గట్టు మీది పొన్నగంటి కూరో, గలిజేరో ఒళ్లో వేసుకొచ్చి అప్పటికప్పుడు వండుకునేవాళ్లు. అలాంటి ఇంటినుంచి వచ్చిన పిల్ల మా పొయ్యి దగ్గర కూర్చుని కొన్నాళ్లు చూసి చూసి, చివరికి నన్ను మెల్లగా అడిగింది.

"అమ్మీ, మీరు కూరలమ్ముతారు గాని కూర తినరేటి?"

నేను పగలబడి నవ్వాను. అమ్మకు వినబడింది.

"తినేవోలు ఏరు, అమ్మేవోలు ఏరు" అంది అమ్మ. "తట్ట నాకాడున్నాది గదా అని తింటూ కూకుంటే పొయ్యి ఎలగదు."

వదిన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఏడాది తిరక్కుండానే నెల తప్పింది. కడుపు ముందుకొస్తున్నకొద్దీ మనిషి వెనక్కి పోతున్నట్టుండేది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. కుళాయి నుంచి బిందె తెస్తూ మధ్యలో ఎవరింటి మెట్టు మీదో కూలబడేది. ఒకరోజు అమ్మ ఎదురెళ్లి బిందె లాక్కుని తన చంకనెత్తుకుంది. వెనక్కి చూడకుండా ఇంటికి నడిచింది. అమ్మ చెల్లెలు తొలికాన్పులోనే పోయింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. అమ్మకు మాటలు తగ్గిపోయాయంటే ఆ చెల్లెలే కళ్ల ముందు మెదులుతోందని నేను గ్రహించేదాన్ని.

ఆ రోజుల్లోనే అంగన్‌వాడీ దీదీ మా వీధికి ఒక పటం పట్టుకొచ్చింది. అందులో ఎర్రటి ఆపిల్, ద్రాక్ష గుత్తి, పాలగ్లాసు, వాటి మధ్య బుగ్గలు మెరిసిపోతూ నవ్వే ఒక తల్లి. కడుపుతో ఉన్నవాళ్లు తాజా పళ్లు, తాజా కూరలు తినాలని దీదీ ఒడియాలో చెప్పి, మా కోసం మళ్లీ తెలుగులో చెప్పింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని విన్నారు. చేపలమ్మే ఆవిడ లేచి, "దీదీ, ఆ పటమే ఇచ్చేసి ఎల్లు. గోడకేసుకుని సూస్తూ చద్దన్నం తింటాం" అంది. దీదీ కూడా నవ్వేసింది. ఎండన పడి వచ్చిన మనిషి, చెప్పింది మా మంచికే. కానీ ఆ పటంలో మా గోనెపట్టా మీదిది ఒక్కటీ లేదు. తాజా తిండి అంటే ఎక్కడో గొప్పవాళ్ల ఇళ్లలో ఉండే ఇంకేదో అని వీధంతా అనుకుంది. మా అమ్మ అందరికంటే గట్టిగా అనుకుంది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ వదిన కింది రెప్ప లాగి చూసింది. రక్తం బాగా తక్కువగా ఉందని, కాన్పు దాకా ఇలాగే ఉంటే తల్లికీ బిడ్డకీ కూడా భరోసా ఇవ్వలేనని అమ్మతో చెప్పింది. మాత్రలు రాసింది. రోజూ ఆకుకూర, పళ్లు పెట్టమంది. అమ్మ చెవికి మాత్రలూ పళ్లూ ఎక్కాయి, ఆకుకూర ఎక్కలేదు. పళ్లు అనగానే ఆమెకు దీదీ పటమే గుర్తొచ్చింది. ఆ పొద్దున్నే మా తట్టలో దోరజామకాయలు నిండుగా ఉన్నాయి. జనం ఎగబడి కొనుక్కుపోయారు. ఆ డబ్బు పెట్టి అమ్మ ఆసుపత్రి గేటు దగ్గర ఒక ఆపిల్ కొంది. అది కాశ్మీరులో ఎప్పుడు బయల్దేరిందో ఆ దేవుడికే తెలియాలి. ఇంటికొచ్చి భయభక్తులతో తొక్క తీసి, ముక్కలు కోసి, కోడలికి తన చేత్తో తినిపించింది. తొక్కలు నేను తిన్నాను.

"ఎలగున్నాదే?" అనడిగింది అమ్మ.

"పిండి నమిలినట్టున్నాదత్తా" అంది వదిన. అమ్మ చిన్నబుచ్చుకుంటుందని, "బాగానే ఉన్నాది" అని కూడా అంది.

వీలైనప్పుడల్లా అలా ఆపిళ్లు వస్తూనే ఉన్నాయి. వదిన మొహంలో రక్తం మాత్రం రాలేదు. నాకు లోపల్లోపల మండిపోయేది. ఎవరి మీదో తెలియదు. అమ్మ మీద అనుకుందామంటే, ఆవిడ కడుపు కట్టుకుని కొంటున్నది ఆ ఆపిల్. ఆవిడ మీద ఏం కోపపడతాను?

అలాంటి రోజుల్లో ఒక పొద్దున్న, మా దగ్గర వాడుకగా కొనే షావుకారింటి ఇల్లాలు వచ్చింది. తెలుగువాళ్లే, తరాలుగా బరంపురంలో కొట్టు ఉన్నవాళ్లు. కోడలికి నెల తప్పిందని మురిసిపోతూ చెప్పింది. అమ్మ మొహం విప్పారింది. కట్టలన్నీ పక్కకు తోసి, అడుగున గోనె కింద దాచిన లేత కట్ట ఒకటి పైకి తీసింది.

"ఇదట్టుకెల్లండమ్మగారూ. తెల్లారగట్ల కోసిన ఆకు. రోజూ ఇంత ఉడకెట్టి కోడలమ్మకి పెట్టండి, ఇట్టే రకతం పడతాది. రేపటిది రేపే పట్టుకెల్లండి. నిలవుండిపోతే ఇందులో ఏటీ ఉండదు."

ఆవిడ కట్ట పట్టుకుని సంతోషంగా వెళ్లిపోయింది. నేను ఉండబట్టలేకపోయాను.

"ఆ కోడలికేనా రకతం పడేది? మనింటి కోడలికి పడదా?"

నీళ్లు చిలకరిస్తున్న అమ్మ చెయ్యి ఆగింది.

"అయి బేరం కాడ మాటలే" అంది.

"అంటే అబద్ధమా?"

"అబద్ధమెందుకవుతాది? మా యమ్మ కూడా ఇదే సెప్పి అమ్మేది." అని, నా వైపు చూడకుండా కట్టలు సర్దడం మొదలుపెట్టింది. సర్దినవే మళ్లీ సర్దింది. ఆ తర్వాత మరి కేక వెయ్యలేదు. బజారంతా వినబడేలా పిలిచి అమ్మే మనిషి నోరు మూసుకుని కూర్చుంటే, పక్కన ఉల్లిపాయలమ్మే ఆయన ఒంట్లో బాగోలేదా అని పరామర్శించాడు.

మర్నాడు పొద్దున్న తట్టలతో బజారుకు పోతూ అమ్మ మా వీధి మొగలో ట్రాలీ ఆపించింది. వదినను కేకేసింది. వదిన నిద్రకళ్లతో వచ్చి నిలబడింది. అమ్మ బొడ్డుసంచిలోంచి ఒక నాణెం తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఇలగియ్యి" అంది.

"ఇప్పుడే గదత్తా ఇచ్చినావు?"

"ఇయ్యంటే ఇయ్యి."

వదిన అయోమయంగా నాణెం తిరిగిచ్చింది. అమ్మ దాన్ని కళ్లకద్దుకుని, తట్టకు తాకించి, అన్నిట్లోకీ లేతగా ఉన్న కట్ట ఏరి వదిన చేతిలో పెట్టింది. మీద నాలుగు జామకాయలు కూడా పెట్టింది.

"బోణీ అయిపోనాది. ఇది నేనిచ్చింది కాదు, నివ్వు కొనుక్కున్నది. పట్టుకెల్లి వండుకో."

నాన్న ట్రాలీ మీద కూర్చుని నవ్వాడు. "నవ్వింది సాలు, తొక్కు" అంది అమ్మ.

ఆ రోజు బేరం ఎలా సాగుతుందోనని అమ్మకంటే నాకే ఎక్కువ బెంగ. సరుకు మిగిలిపోతే ఆ ముచ్చట ఆ ఒక్కరోజుతోనే ఆఖరని నాకు తెలుసు. ఎప్పటిలాగే సాగింది. కాస్త మెరుగ్గానే సాగిందని అమ్మ అనుకుంది. "మీ వొదిన సెయ్యి మంచిదే" అని సాయంత్రం ఒప్పుకుంది. అప్పట్నుంచి రోజూ మా తొలి బేరం వదినదే. ఆమె ఆ ఆకు కారం, చింతపండు ఏవీ లేకుండా రెండు వెల్లుల్లి రెబ్బలేసి వండుకునేది. మమ్మల్నీ తినమనేది. అమ్మ ఒప్పుకునేది కాదు. కొన్నవాళ్ల కూరలో చెయ్యి పెట్టకూడదట. మేం మళ్లీ మా సాయంత్రం సరుకే తినేవాళ్లం. నెలలు నిండేసరికి వదిన పెదవుల్లో రంగు కనబడింది. బిందె మళ్లీ తానే మోస్తానని పేచీ పెట్టేది.

కాన్పు కష్టమైంది. ఆడపిల్ల పుట్టింది గాని, వదినకు రక్తం చాలా పోయింది. ఎక్కించాలి, ఇంట్లో వాళ్లెవరైనా ఇవ్వండన్నారు. అన్నయ్య లేచేలోపే అమ్మ జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంది.

"నాది తియ్యండి. తట్టలెత్తే మనిషిని, నాకేటవుతాది?"

నర్సు అమ్మ వేలు పొడిచి, గాజు గ్లాసులోని నీలం నీళ్లలో ఒక చుక్క వదిలింది. రక్తం మంచిదైతే చుక్క అడుక్కి దిగాలట. అమ్మ చుక్క కొంచెం దిగి, ఆగి, పైకి తేలింది. నర్సు మరోసారి వేసింది. అదీ తేలింది.

"మాఉసీ, నీకే ఎవరైనా ఎక్కించాలి. అసలేం తింటున్నావు?" అని పిన్నిని పిలిచినట్టు ఒడియాలో అడిగింది.

పొద్దున్న లేస్తే ఎవరేం తినాలో ఊరికి చెప్పే మా అమ్మ, పైకి లాక్కున్న చెయ్యి మెల్లగా కిందికి దించుకుంది. అన్నయ్య చుక్క మునిగింది, గ్రూపూ కలిసింది. వాడి రక్తమే ఎక్కించారు. వదిన గట్టెక్కింది. మొదట్లో చూసినప్పటి రక్తమే ఉండుంటే మీ కోడలు దక్కేది కాదని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. వరండాలో అమ్మ నా పక్కన కూర్చుని, ఎవరో తనని అవమానించినట్టు మొహం పెట్టి, "నా సుక్క ములగనేదేటే" అంది. నాకు ఏడుపొచ్చింది. బిడ్డ పుట్టిన సంతోషంలో ఏడుస్తున్నాననుకుని అమ్మ నా వీపు నిమిరింది.

ఇంటికొచ్చిన మర్నాడు వదిన బోణీ చేసిన తోటకూర నేను వండాను. బాలింత ఆకుకూర తింటే బిడ్డకి కడుపులో పోటు వస్తుందని పక్కింటి ముసలమ్మ అడ్డుపడబోయింది. "డాక్టరమ్మే తినమన్నాది. పోటొస్తే నేను సూసుకుంటాను, నివ్వెల్లి పడుకో" అని అమ్మ ఆవిణ్ని సాగనంపింది. వదిన మంచం మీది నుంచి దిగి, గోడకు ఆనుకుని కూర్చుంది. నేను పెట్టిన కంచం అమ్మ వైపు జరిపింది.

"నాకెందుకే? అది నివ్వు కొనుక్కున్నది" అంది అమ్మ.

"నాదే గదా. నాదైతే నాకిష్టమొచ్చినోలకి పెట్టుకుంటాను. నివ్వు తినీదాకా నేను తిననత్తా."

అమ్మ నా వైపు చూసింది. నేను అన్నం వడ్డించే పనిలో ఉన్నట్టు నటించాను. ఇక దారి లేక కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలి, ఆగింది. ఇంకో ముద్ద పెట్టుకుంది. ఉప్పు చాలలేదంటుందేమోనని నేను ఎదురుచూస్తున్నాను.

"తియ్యగున్నాదే" అంది మా అమ్మ. కంచంలోని ఆకును వేలితో తిప్పి చూసి తలెత్తింది. "ఇన్నేళ్లూ నేనమ్మింది ఇదేటే?"