బస్సెక్కే రోజు మానేసిన మాత్ర

రాయదుర్గంలో మా ఆఫీసులో ఆ రోజు ఫైర్ డ్రిల్ జరిగింది. అందరం కిందికి దిగాం. తిరిగి వెళ్లేటప్పుడు లిఫ్టుల దగ్గర జనం ఎక్కువగా ఉన్నారని మా టీమ్ నాలుగో అంతస్తుకు మెట్ల మీదుగా బయల్దేరింది. రెండో అంతస్తు దగ్గర నాకు ఊపిరి అందలేదు. ఎవరికీ అనుమానం రాకుండా ఫోన్ తీసి, ఏదో చదువుతున్నట్టు నిలబడ్డాను. అప్పుడు నా వయసు ముప్పై ఒకటి.

అంతకు కొన్ని వారాల ముందు వైరల్ జ్వరం వచ్చి తగ్గింది. డ్రిల్ తర్వాత ఇంకో రెండు సంగతులు గమనించాను. సాయంత్రానికి సాక్సు గీత కాలి మీద లోతుగా పడుతోంది. వెల్లకిలా పడుకుంటే దగ్గు వస్తోంది. మొదటిదానికి కుర్చీ, రెండోదానికి ఏసీ కారణమని నెట్‌లో చూసి నేనే తేల్చేశాను. నేను మూడో దిండు వేసుకోవడం చూసి నా భార్య శ్రావణి ఊరుకోలేదు. "మీరు నెట్‌లో చూసింది చాలండీ, పదండి" అని మాదాపూర్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లింది.

ఈసీజీ, రక్తపరీక్షలు, ఎకో చేశారు. "గుండె పంపింగ్ వీక్‌గా ఉందండీ. ఈఎఫ్ ఇరవై ఎనిమిది, మామూలుగా యాభై అయిదుకు పైన ఉండాలి" అన్నారు డాక్టర్. "హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు. చేయాల్సినంత పని చేయలేకపోవడం." ఆ మాట నాకు అప్రైజల్‌లో విన్నట్టే అనిపించింది.

డిశ్చార్జ్ చేసేటప్పుడు రాసిన మాత్రల్లో ఒకటి వాటర్ టాబ్లెట్. ఒంట్లో చేరిన నీటిని అది లాగేస్తుంది. వేసుకున్నాక రెండు గంటలపాటు మాటిమాటికీ బాత్రూమ్‌కు పోవాలి. గోపన్‌పల్లి నుంచి మా ఆఫీసు బస్సు ట్రాఫిక్‌లో గంట పైనే తీసుకుంటుంది. మొదటి రోజే డ్రైవర్‌ను బతిమాలి బస్సు ఆపించి, ఏదో కట్టడం చుట్టూ నిలబెట్టిన రేకుల చాటుకు పరుగెత్తాను. తిరిగి ఎక్కేసరికి వెనక సీటతను "ఏం బ్రో, రాత్రి పార్టీ గట్టిగా అయినట్టుంది" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ తర్వాత ఆఫీసు ఉన్న రోజుల్లో ఆ మాత్ర వేసుకోలేదు. శ్రావణికి చెప్పలేదు. బరువు పెరుగుతుంటే తిండి ఒంటబడుతోందనుకున్నాను. నెల తిరక్కుండానే ఎమర్జెన్సీలో ఆక్సిజన్ మాస్కుతో కూర్చున్నాను.

కోలుకున్నాక హార్ట్ ఫెయిల్యూర్ క్లినిక్‌కు రివ్యూకి వెళ్లాను. అక్కడ ఇన్సూరెన్స్ వాళ్ల టోకెన్లు వేరు, ప్రభుత్వ కార్డు వాళ్ల టోకెన్లు వేరు. నా పక్క కుర్చీలో యాదమ్మ అనే ఆవిడ ఉంది. యాభై ఏళ్లుంటాయి. గోపన్‌పల్లిలో పుట్టి పెరిగిన మనిషి. రాయదుర్గంలోనే ఒక ఐటీ టవర్‌లో హౌస్‌కీపింగ్ చేస్తుంది. ఆమెదీ నా జబ్బే.

నర్సు వచ్చి మొదట యాదమ్మ కాళ్లు నొక్కి చూసింది. "వాటర్ టాబ్లెట్ వేస్కుంటున్నవా?"

"డ్యూటీ ఉన్ననాడు ఎయ్య సిస్టర్."

"గిట్లయితే ఎట్లమ్మా? మళ్ల అడ్మిట్ అయితవ్. చెప్తే అర్థం కాదా?"

తర్వాత అదే ప్రశ్న నన్ను అడిగింది. అప్పుడప్పుడు మర్చిపోతున్నానని చెప్పాను.

"పర్లేదు సార్, ఫోన్‌లో అలారం పెట్టుకోండి."

నర్సు వెళ్లాక యాదమ్మ నావైపు తిరిగింది. "మర్చిపోయే మొకం కాదు నీది. ఎందుకు ఎయ్యవ్?"

బస్సు సంగతి చెప్పాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"గంతేనా? ఆడోళ్ల బాత్రూమ్‌లు పొద్దుందాక నేనే కడుగుత. అండ్ల మేం పోవద్దు. మాది కింద బేస్‌మెంట్‌ల ఉంటది. సూపర్‌వైజర్‌ను అడిగి పోవాలె. మాటిమాటికి అడిగితే రేపటి సంది రాకు అంటడు." కొంగు సర్దుకుంటూ అంది, "నీకు సిగ్గు బిడ్డా. నాకు పర్మిషన్ లేదు."

అంతలో నా టోకెన్ పిలిచారు. నేను వచ్చేసరికే ఆమె అక్కడ కూర్చుని ఉంది. ఆమెను ముందు పంపమని అనవచ్చు. అనలేదు. లేచి లోపలికి వెళ్లాను.

డాక్టర్‌కు మాత్రం నిజం చెప్పాను. "పొద్దున్నే వేసుకోవాలని రూలేం లేదండీ. ఆఫీసు చేరాక వేసుకోండి" అన్నారు. కొన్ని రోజులు ఇంటి నుంచి పనిచేయడానికి లెటర్ కూడా ఇచ్చారు. యాదమ్మ విషయం చెబితే ఆమెనూ పిలిపించి, డ్యూటీ దిగి ఇంటికి పోయాక వేసుకోమన్నారు. లెటర్ ఇస్తానంటే మాత్రం ఆమె వద్దంది. "జబ్బున్నదని తెలుస్తే పని పోతది సార్."

ఇప్పుడు నా ఈఎఫ్ నలభై రెండు. సాక్సు గీత పడటం లేదు. రివ్యూల్లో కలిసినప్పుడు తెలిసింది, యాదమ్మ పంపింగ్ మాత్రం మొదట ఉన్నచోటే ఉంది. నా చీటీలోని ఖరీదైన మాత్ర ఒకటి ఆమె చీటీలో లేదు. డబుల్ డ్యూటీ పడిన రోజు వాటర్ టాబ్లెట్ ఇప్పటికీ తప్పిపోతోందట.

వారానికి రెండు రోజులు ఆఫీసుకు వెళ్తున్నాను. చేరగానే మాత్ర వేసుకుంటాను. బాత్రూమ్‌కు వెళ్లిన ప్రతిసారీ, లోపల తుడుస్తున్న హౌస్‌కీపింగ్ అతను నాకు దారిచ్చి, బకెట్‌తో సహా బయటికి వచ్చి నిలబడతాడు. తన అవసరానికి అతను ఏ అంతస్తుకు పోవాలో నేనింకా అడగలేదు.

ఈ జబ్బుతో ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. మాత్ర మానేస్తే, డాక్టర్‌కు మర్చిపోయానని చెప్పకండి. ఎందుకు మానేశారో చెప్పండి. వేళ మార్చడానికి వీలుంటుంది. చెప్పడానికి సిగ్గు తప్ప ఇంకేమీ అడ్డం లేనివాళ్లు ముందు చెప్పండి.