శనివారం చెప్పుల గుట్ట

మందుపాతరలను నిషేధించాలని ప్రచారం చేసిన బట్టల వ్యాపారి మా చింతామణి ఊళ్ళో నేనొక్కడినే అయ్యుంటాను. రెండోవాడు ఇంతవరకు కనబడలేదు. బెంగుళూరులో ఒక సభకు వెళ్ళి, కాళ్ళు పోయిన పిల్లల ఫొటోలు చూసి, అన్నం సయించక ఇంటికి వచ్చాను. యుద్ధం ముగిసినా పాతిన మందు భూమిలో అలాగే ఉంటుందట. ఎన్నేళ్ళకో ఎవరో అడుగు వేస్తే పేలుతుందట.

"అవి మన ఊర్లో యాడుండాయండీ?" అని అడిగింది మా ఆవిడ.

"లేవు" అన్నాను.

"లేని చోట నిషేధం చేసేకి తీరిక ఉండాది మీకు. అంగడి షట్టరు బాగు చేయించేకి మాత్రం లేదు" అంది.

ఇద్దరు మిత్రులను వెంటేసుకుని ముందు బాగేపల్లి బస్టాండులో కరపత్రాలు పంచాను. అందరూ మర్యాదగానే తీసుకున్నారు. ఒక పెద్దాయన మొత్తం చదివి, తన పింఛను ఎందుకు ఆగిందని నన్ను నిలదీశాడు. ఇంకొకాయన "ఏ పార్టీ అప్పా మీది?" అన్నాడు. ఏ పార్టీ కాదంటే, అంత పనికిమాలినవాళ్ళు కూడా ఉంటారా అన్నట్టు చూశాడు.

ఇతర దేశాల్లో ఈ ప్రచారానికి చెప్పులు గుట్టగా పోస్తారని అప్పుడే తెలిసింది. తొడుక్కునే కాలు లేక మిగిలిపోయిన చెప్పులని దాని అర్థం. నాకు తెగ నచ్చేసింది. ఒక శనివారం పొద్దున చింతామణిలో ఆంజనేయస్వామి గుడి వీధి మలుపులో మా ఇళ్ళలోని పాత చెప్పులన్నీ పోసి, మైకు పట్టుకుని నిలబడ్డాను. గంట తిరక్కుండానే జనం వచ్చి తమ చెప్పులు కూడా విడిచి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. గుట్ట మోకాలెత్తు పెరిగింది. నా గొంతు బొంగురుపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటికి ఫోను చేసి "జనం కదిలారు" అని చెప్పాను.

పక్కన పూలమ్మే ఆమెకు నా మీద జాలేసినట్టుంది. "ఈ పొద్దు శనివారం గదప్పా. గుడికాడ చెప్పులు ఇడిస్తే శని పోతాదని ఇడుస్తాండారు. మంచి జాగా చూసి గుట్ట పెట్టినారు మీరు" అంది.

ఈ సంగతి నాకు తెలియనిదా? వ్యాపారం మందంగా ఉందని పోయిన ఏడు నేనే అక్కడ ఒక కొత్త జత వదిలి, ఉత్తకాళ్ళతో ఇంటికి నడిచాను. ఉపన్యాసం ఊపులో అదంతా మర్చిపోయాను. మళ్ళీ ఫోను చేస్తే మా ఆవిడ అంతా విని, "ఊరి శనంతా ముందరేసుకోని కూర్చోనుండారు. గడప తొక్కకముందే తలకు నీళ్ళు పోసుకోండి" అని పెట్టేసింది.

సిగ్గుతో మూటాముల్లె సర్దుతుంటే, ఎదురుగా చిక్కబళ్ళాపురం బస్సు కోసం కాచుకున్న ఒకాయన చంకకర్ర ఊతంగా నడుచుకుంటూ వచ్చాడు. కుడికాలు మోకాలి కిందికి లేదు. షుగరు వల్ల తీసేసి ఉంటారనుకున్నాను. మిగిలిన కాస్త గొంతుతో, మందుపాతర మనిషి కాలిని ఏం చేస్తుందో ఆయనకు వివరంగా చెప్పాను. ఆయన చివరిదాకా ఓపికగా విన్నాడు.

"నిజమేనప్పా. నాది అట్లనే పోయింది" అన్నాడు. "మిలట్రీలో ఉన్నప్పుడు, బార్డర్లో."

భూమి చీలితే బాగుండుననిపించింది.

ఆయనది మండికల్లు పక్క పల్లె. పెళ్ళయిన ఏడాదిలోనే కాలు పోయిందట. "నా పెండ్లాము మా ఇంట్లో కాలు పెట్టిన వేళ మంచిది కాదని, అందుకే నా కాలు పోయిందని ఈ పొద్దుకీ అంటారప్పా. పెండ్లిండ్లకు పిలిస్తే వెనకాలే కూర్చుంటాది. మీ దగ్గర మైకుండాది గదా, ఆయమ్మ తప్పు కాదని నలుగురి ముందర ఒగ మాట చెప్తారా?" అని అడిగాడు.

మరుసటి శనివారం అదే మలుపులో భార్యాభర్తలిద్దరూ ఒక గోతంతో దిగారు. నా జేబులో మూడు పేజీల ఉపన్యాసం ఉంది. ఆమె నా వైపు చూడనైనా లేదు. గోతం విప్పి, చెప్పులు ఒక్కొక్కటే తీసి వరసగా పెట్టింది. అన్నీ కుడికాలివే. ఒక్కదానికీ మట్టి అంటలేదు. అంగట్లో ఒక్క చెప్పు అమ్మరు, జత కొనాల్సిందే. కొన్నప్పుడల్లా కుడిది ఆమె అటక మీద దాచింది.

నేను గొంతు సవరించుకునేలోగా ఎవరో వచ్చి తన చెప్పుల జత ఆ వరస పక్కన విడిచాడు.

"తీసుకో అప్పా" అంది ఆమె. మైకు ఎత్తడం నాకు తోచలేదు, ఆమెకు అవసరమూ పడలేదు. వీధంతా వినబడింది. "ఇది శని కాదు. నేను కాలు పెట్టిన వేళా కాదు. మనిషి పాతింది."

అతను చెప్పులు తిరిగి తొడుక్కున్నాడు, కానీ కదల్లేదు. వరసను చూశాడు, కర్ర మీద ఆనుకున్న ఆయన్ని చూశాడు.

"ఎవరు పాతినారప్పా?"

ఇన్నాళ్ళలో మమ్మల్ని ఎవరూ అడగని ప్రశ్న అది. నేను జేబులోంచి మూడు పేజీలూ తీసి వెతకడం మొదలుపెట్టాను.

"మేమేనప్పా" అన్నాడాయన. "శత్రువు వస్తాడని నేనూ, మావాళ్ళూ పాతినాము. వానకు మట్టి జారి, అవి జాగా మారినాయి. ఒగదాన్ని నేనే తొక్కినాను."

ఆమె చేతిలో ఇంకా ఒక చెప్పు మిగిలి ఉంది. దాన్ని ఆయన ముందు, కుడికాలు ఉండాల్సిన చోట పెట్టింది.