పాచికి నేను రాసిన ఇంగ్లీషు

పొద్దున ఆరుంబావుకు మద్రాసు ప్యారీస్ బస్టాండులో పాండిచ్చేరి బస్సెక్కాను. వెళ్ళదలచినవాళ్ళు కుడివైపు కూర్చోండి. ఎడమవైపు ఎండ దిండివనం దాకా వదలదు.

పక్కసీటు పెద్దాయన తమిళంలో అడిగాడు. "పాండికా? మందుకా, సముద్రానికా?"

"ఒక అర్జీ రాయడానికి."

"అయితే ఇప్పట్లో తిరిగి రారు" అని కళ్ళు మూసుకున్నాడు.

పాండిచ్చేరి ముదలియార్‌పేటలో మా చిన్నమ్మ కొడుకు గోవిందు మిల్లులో ఫిట్టరు. వాడికి తెలుగు చదవడం రాదు. తెలుగు మాటలే తమిళ అక్షరాల్లో పెట్టి ఉత్తరం రాశాడు: 'వీధి బావి పాసి పట్టింది, ఇంగ్లీషులో అర్జీ రాసిపెట్టక్కా.' మావాళ్ళలో బి.ఏ. చదివిన దాన్ని నేనొక్కదాన్నే కదా!

దిండివనంలో ఇడ్లీ చల్లగా ఉంది, సాంబారు వేడిగా ఉంది. పదిన్నరకు పాండిచ్చేరిలో దిగి, టౌను బస్సులో పదకొండుకు వాళ్ళిల్లు చేరాను.

పదకొండిళ్ళకు ఒకటే బావి. నీటి మీద పచ్చటి దుప్పటి పరిచినట్టుంది. చేద పైకి వస్తే అంచులకు జిగట పోగులు వేలాడుతున్నాయి. చిన్నమ్మ ఆ నీళ్ళు గుడ్డలో వడగట్టి కాస్తోంది. ఏటా ఎండాకాలంలో మగవాళ్ళంతా నీళ్ళు తోడేసి, కొబ్బరిపీచుతో గోడలు రుద్ది, బ్లీచింగ్ పౌడరు చల్లుతారట. రెండేళ్ళుగా మునిసిపల్ ఆఫీసు పౌడరు ఇవ్వడం లేదు.

గోవిందు ఇదివరకు తనే రాసి పెట్టిన అర్జీ నకలు చూపించాడు. బావిలో 'మాస్' ఉంది, ఒక మూట పౌడరు ఇప్పించండి అని రెండే వాక్యాలు.

"మాస్ అంటే తడిగోడకు పట్టే మెత్తటి నాచురా. ఇది ఆల్గే" అన్నాను.

"ఏదో ఒక పాసి లేక్కా. పౌడరు ఇస్తే సాలు."

నాకు చాల్లేదు. ఆల్గే అంటే పాఠ్యపుస్తకంలా ఉంటుంది, ఏ ఆఫీసరూ కుర్చీలోంచి కదలడు. స్లైమ్ అంటే జిగట, కొంత నయం. చివరికి మురుగు మీద తేలే తెట్టును గుర్తుచేసే 'స్కమ్' పెట్టాను. మొదటి వాక్యంలోనే, బావి నిండా పచ్చటి స్కమ్, మనుషులు వాడదగిన నీరు కాదు అని రాశాను. పౌడరు మాట చివర్లో వచ్చింది. నా పేరుతోనే సంతకం చేశాను.

మర్నాడు పదింటికి ఆఫీసు. కళ్ళద్దాల అధికారి రెండుసార్లు చదివాడు. "మాస్ అని రాస్తే పక్కన పెట్టాం. ఇలా రాస్తే ఊరుకోలేమమ్మా" అన్నాడు. బయటికొచ్చి గర్వంగా కాఫీ తాగాను.

మూడోరోజు ఎనిమిదింటికి వ్యాను వచ్చింది. దిగిన ఇన్‌స్పెక్టరు బావిలోకి తొంగి కూడా చూడలేదు. మనుషులు నూతి మీద రేకులు పరిచి, కమ్మీతో కట్టి, ఎర్రరంగుతో ఇంటూ గీశారు.

"ఎవురయ్యా బాగలేదని చెప్పింది? పెండ్లయి వచ్చిననాటి నుంచీ తాగతా ఉండాను" అంది చిన్నమ్మ.

ఇన్‌స్పెక్టరు నా అర్జీ చూపించాడు.

"నేనడిగింది పౌడరు" అని వాదించాను.

"అది చివరి వాక్యం. మేం మొదటిది చూస్తాం."

"మరి నీళ్ళు?"

"కొళాయికి వేరే అర్జీ పెట్టుకోండి."

దగ్గర్లో కొళాయి పెద్దరోడ్డు మీద ఉంది. చిన్నమ్మ మోకాలు వంగదు. ఎదురింటావిడ ఖాళీ బిందె చంకకెత్తుకుని, నాకు వినబడేలా అంది: "సదువుకున్నమ్మ వచ్చె, బాయి పోయె."

 నేను లోపలికి వెళ్ళి సంచీ సర్దుకున్నాను.

గోవిందు నా సంచీ మోస్తూ బస్టాండు దాకా వచ్చాడు. కొళాయి అర్జీ నేను రాస్తానన్నాను.

"వద్దులేక్కా" అన్నాడు నెమ్మదిగా. "నేనే రాసుకుంటా."

మూడున్నరకు మద్రాసు బస్సు. కిటికీ పక్క సీటే దొరికింది. ఊరెలా ఉందని ఎవరైనా అడిగితే వీధులు తిన్నగా ఉన్నాయని, సముద్రం నడిచేంత దూరంలో ఉందని చెబుతాను. రెండూ నిజమే. చిన్నమ్మకు మాత్రం చెప్పి రాలేదు. నేను ఇల్లు కదిలేసరికి ఆవిడ నీళ్ళకు వెళ్ళి గంటన్నరయింది, ఇంకా రాలేదు.