రాజ్యలక్ష్మి పేరు మీద లైసెన్సు

నా చిన్నప్పుడు మా ఇంట్లో రాజ్యం అంటే గేదె. పూర్తి పేరు రాజ్యలక్ష్మి. అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక సందులో మాదొక పెంకుటిల్లు. అందులో గాలీ వెలుతురూ వచ్చే భాగం దానిది, మిగిలింది మాది. దాని కొమ్ముల వెడల్పు ఎంతంటే, సందులో అది ఎదురైతే రిక్షావాడు మారు మాట్లాడకుండా వెనక్కి వెళ్లి వేరే సందు చూసుకునేవాడు. పొద్దున్నే ఒక కొమ్ము మీద ఎండ పడ్డాక రెండో కొమ్ము దాకా రావడానికి కాఫీ కాచుకుని తాగేంత సేపు పట్టేదని నేను బళ్లో చెప్పేదాన్ని. అందరూ నమ్మారు, మా మాష్టారు తప్ప.

ఆ గేదె నాకు మొన్న మళ్లీ గుర్తొచ్చింది. మా కుక్కకి లైసెన్సు తీసుకోవడానికి మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్లి వరసలో నిలబడ్డాను. ఊళ్లో కుక్కని పెంచుకుంటే కాగితం ఉండాలట. నాకు కాగితాలు కొత్త కాదు. నేను నడిపే చిన్న టిఫిన్ సెంటరుకి వ్యాపారం లైసెన్సు, తిండి లైసెన్సు, బయట వేలాడే బోర్డుకి వేరే రుసుము. ఇడ్లీకి ఒక్కదానికే ఇంకా అడగలేదు, అడిగినా కట్టేస్తాను. వాదించే ఓపిక అయిపోయింది. యాభై దాటిన మోకాళ్లతో గంటన్నర నిలబడ్డాక కిటికీ అవతల అమ్మాయి, "యజమాని పేరు చెప్పండి మేడమ్" అంది. నేను ఆమె ముందున్న తెర వైపే చూస్తూ నిలబడ్డాను. వెనకనించి ఎవరో, "ఏటమ్మా, నీ పేరు నీకే గుర్తు నేదేటి?" అన్నారు. పేరు గుర్తుంది. నన్ను ఆపింది ఆ 'యజమాని' గడి.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా నానమ్మ అరుగు మీద కూర్చుని పాలూ పెరుగూ అమ్మేది. ఊరి హద్దుల్లో పశువుని కట్టుకుని పాలు అమ్ముకునేవాళ్లంతా లైసెన్సు తీసుకోవాలని కొత్తగా రూలొచ్చిందని చెప్పి, ఒక మధ్యాహ్నం మునిసిపాలిటీ గుమాస్తా ఒకాయన వచ్చాడు. గోదావరి అవతలి మనిషి, ఉద్యోగమూ కొత్తే. చంకలో రిజిస్టరు ఎంత లావుందంటే, ఆయన దాన్ని మోసుకొస్తున్నాడా, అదే ఆయన్ని నడిపించుకొస్తోందా అని నాకు అనుమానం వచ్చింది. అరుగు మీద దాన్ని దించి, కలం తీసి, "యజమాని పేరు?" అన్నాడు.

ఇక్కడే వచ్చింది చిక్కు. మా నానమ్మకి యజమాని అంటే ఒకటే అర్థం, మా తాతయ్య. తాతయ్య పేరు పెళ్లయిన నాటినించి ఆమె నోట రాలేదు. పలకకూడదు, అంతే. పైగా ఆ పేరులో వారంలోని ఒక రోజు పేరు ఉంది. అంచేత మా నానమ్మకి వారానికి ఆరు రోజులే. ఏడోదాన్ని 'ఆ రోజు' అనేది. పాలు పోయించుకునే వాళ్లందరికీ ఈ పంచాంగం అలవాటే.

"నాను సెప్పకూడదు బాబూ. మా పిల్ల సెప్తాది. సెప్పవే పేరు" అని, ఎండనపడి వచ్చిన మనిషికి మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లింది.

ఆ పొద్దున్న నాకు ఇస్తానన్న బెల్లం ముక్కని, రాజ్యం చూడితో ఉందని దాని కుడితిలో వేసేశారు. ఆ మంట ఇంకా చల్లారలేదు. దానికి తోడు, రోజూ మార్కెట్టునించి రాగానే తాతయ్య ముందు గేదె దగ్గరికి వెళ్లి, "ఈ ఇంటికి యజమానివి నువ్వే తల్లీ" అనేవాడు. నేను ఆ రెండూ కలిపి, చేతులు కట్టుకుని, బళ్లో పద్యం అప్పజెప్పినంత వినయంగా, "రాజ్యలక్ష్మి అండి" అన్నాను.

అది మా నానమ్మ అత్తగారి పేరు అనుకున్నాడు పాపం. యజమాని: రాజ్యలక్ష్మి. వృత్తి: పాల వ్యాపారం. నివాసం: పై ఇల్లే. వయసు ఆయనే ఊహించి వేసుకున్నాడు. ఇన్నేళ్ల తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే, వయసు తప్ప అందులో అబద్ధం ఏముందని నాకే అనిపిస్తుంది.

వారం తిరక్కుండా ముద్రలతో కాగితం వచ్చింది. నానమ్మ దానికి అద్దం కట్టించి, పసుపూ కుంకుమా పెట్టి, క్యాలెండరు పక్కన మేకుకి తగిలించింది. ఆమెకి చదువు రాదు. తాతయ్యకి తూకం అంకెలు తప్ప అక్షరాలు తెలియవు. ఇంట్లో చదవగలిగింది నేనొక్కదాన్నే. మొదటి రోజు చూసి కడుపు పట్టుకుని నవ్వుకున్నాను. రెండో రోజు కొంచెం నవ్వాను. మూడో రోజునించి ఆ గోడకి వీపు పెట్టి అన్నం తినడం మొదలుపెట్టాను.

కొన్నాళ్లకి తాతయ్య, చెల్లెలికి ఒంట్లో బాగోలేదని మాకవరపాలెం వెళ్లాడు. ఆ మర్నాడే రాజ్యం పలుపు తెంపుకుని నేరుగా బెల్లం మార్కెట్టుకి వెళ్లింది. ఒక దిమ్మని నాకిందని కొందరు, లారీ లోడు తినేసిందని కొందరు. నేను ఇప్పటికీ రెండోవాళ్ల పక్షమే. రోడ్డుకి అడ్డంగా పడుకుని అది నెమరేస్తుంటే ఇటు బళ్లు ఇటూ అటు బళ్లు అటూ ఆగిపోయాయి. దాంతో దాన్ని బందెలదొడ్డికి తోలుకుపోయారు. ఊరి మీద తిరిగే పశువుల్ని పట్టి కట్టేసే దొడ్డి అది. యజమాని కాగితంతో వచ్చి విడిపించుకోవాలి. లేకపోతే మూడో రోజు వేలం పాట పెట్టి అమ్మేస్తారని వీధివీధినా టముకు వేశారు.

"పాట ఎప్పుడంట?" అని పక్కింటి అక్క అడిగితే, "ఆ రోజే" అంది నానమ్మ. అందరికీ అర్థమైంది.

తాతయ్య వస్తాడేమోనని చూసి చూసి, పాట రోజు పొద్దున్న మేం వెళ్లేసరికి పశువుల బేరగాళ్లు దొడ్డి ముందు బీడీలు కాలుస్తూ ఉన్నారు. ఒకాయన గోడ మీంచి తొంగి చూసి రాజ్యం పొట్ట ఎంతుందో పక్కవాడికి చేతులతో చూపిస్తున్నాడు. నేడో రేపో ఈనే గేదె. అది పోతే మా అరుగు మీద ఇక అమ్మేది ఏమీ లేదు. ఆ సంగతి నానమ్మ నాతో అనలేదు. అద్దం కట్టిన కాగితాన్ని రెండు చేతులా గుండెకి ఆనించుకుని నడిచింది, అంతే. దొడ్డికి కాపలా ఒక ముసలాయన. ఆదివారం చర్చిలో గంట కొట్టేదీ ఆయనే. ఆ దొడ్డికున్న ఇనుప గేటు కోట గుమ్మానికి పెట్టాల్సింది, దారి తప్పి అక్కడికి వచ్చింది. లోపల బల్ల ముందు, మా ఇంటికి వచ్చిన ఆ గుమాస్తాయే కూర్చున్నాడు.

కాగితం చూసి, "యజమాని రావాలమ్మా" అన్నాడు.

"ఆయన మాకవరపాలెం ఎల్లేరు బాబూ."

"ఆయన కాదు. ఈ రాజ్యలక్ష్మి రావాలి."

"అది లోపలే ఉన్నాది కదా బాబూ. మీ వోళ్లే తోలుకొచ్చేరు."

"ఎవర్ని తోలుకొచ్చారు?"

"రాజ్యాన్ని."

గుమాస్తా కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "నేను అడిగేది గేదె పేరు కాదమ్మా, యజమాని పేరు."

"అది నాను సెప్పకూడదు బాబూ."

బేరగాళ్లలో ఒకడు గట్టిగా నవ్వాడు. "ఓలమ్మ! యజమానే దొడ్డిలో ఉన్నాది. దాని సేతే ఏలిముద్ర ఏయించీండి బాబూ, నాలుగు గిట్టలున్నాయి కదా!" అందరూ విరగబడ్డారు. గోడల మీది కాకులు కూడా నవ్వినట్టే నాకు వినిపించింది. నానమ్మకి ఎందుకు నవ్వుతున్నారో తెలియలేదు. ఆమె ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని ఉంది. లోపల రాజ్యం ఆమె గొంతు పోల్చుకుని అరిచింది.

నాకు చెమట్లు పట్టాయి. గేటు దగ్గరి ముసలాయన చూశాడు.

"ఏటే పిల్లా, నీకెందుకే అన్ని సెమట్లు?"

చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఆయన చుట్ట ఆర్పి, చెవి మీద పెట్టుకుని, "రాయించింది నీ నోరే కదా. కొట్టేయించాల్సిందీ అదే. ఎల్లు" అన్నాడు.

బల్ల దాకా పది అడుగులు. నాకది ఉప్మాక కొండ మెట్లన్నీ మోకాళ్ల మీద ఎక్కినట్టుంది. చెప్పాను. గుమాస్తా ముఖం పాలిపోయింది. అది ఆయన మొట్టమొదటి రిజిస్టరట. గేదె పేరున లైసెన్సు రాశాడని పైవాళ్లకి తెలిస్తే ఆయన ఉద్యోగమూ ఆ దొడ్డిలోనే కట్టేస్తారు. చివరికి ఇంటిపన్ను రిజిస్టరు తీశాడు. మా ఇంటి నంబరు ఎదురుగా ఇంటాయన పేరు ఉంటుంది, నానమ్మ ఆ పేరు చెబితే ఆ ఇంటివాళ్లు మీరే అని నమ్మి, దిద్ది, గేదెని వదిలేస్తానన్నాడు.

నేను తాతయ్య పేరు చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వొద్దు. నీ మాట ఒకసారి రాశాను."

కోపంగా అనలేదు. అలిసిపోయినట్టు అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా వీపు మీదే ఉంది. వెంట వచ్చిన మా వీధివాళ్లు ఇద్దరు ముగ్గురు నోళ్లు తెరిచారు. "ఎవరూ అందించకండి. ఆవిడే చెప్పాలి" అన్నాడు, పరీక్ష హాల్లో మాష్టారిలాగ.

నానమ్మ నేల చూసింది. "వారంలో ఒక రోజు బాబూ" అంది మెల్లిగా.

"ఏ రోజమ్మా?"

"ఇయ్యాలే."

"గడిలో 'ఇవాళ' అని రాయలేనమ్మా. రేపు చదివేవాడికి అది ఇంకో రోజవుతుంది."

బేరగాళ్లు బీడీలు పారేసి దగ్గరికి జరిగారు. పాట మొదలుపెట్టాలని ఒకడు గొణిగాడు. నానమ్మ ఒకసారి రాజ్యం వైపు చూసింది. కొంగు తల మీదకి లాక్కుంది. నా చెయ్యి పట్టుకుంది. పెళ్లినాటినించి పలకని పేరు, బీడీ కంపు కొట్టే అంతమంది మగాళ్ల మధ్య, నేను చేసిన పనికి ఆమె పలకాలి. పెదాలు విడివడ్డాయి.

దడాలున మోగింది గేటు.

ఆ చప్పుడుకి లేచిన కాకులు సముద్రపొడ్డున పూడిమడక దాకా వెళ్లి ఎండుచేపల మీదే మళ్లీ వాలాయంటారు. మార్కెట్టులో తక్కెళ్లు వాటంతటవే మొగ్గాయంటారు. అన్నదీ నేనే, అనిపించిందీ నేనే. కానీ నా చెవులు సాయంత్రం దాకా గింగిర్లెత్తాయన్నది మాత్రం అచ్చమైన నిజం. ముసలాయన గొలుసు పట్టుకుని అమాయకంగా నిలబడి ఉన్నాడు.

"గాలి బాబూ" అన్నాడు. ఆ రోజు ఆకు కదిలితే ఒట్టు.

గుమాస్తా గేటుని చూశాడు, నానమ్మని చూశాడు, మళ్లీ ఆయన్ని చూశాడు. "ఆవిడ చెప్పిందా?"

"పెదాలు కదిలేయి కదా బాబూ. రాసుకోవాల్సింది మీరు, ఇనాల్సిందీ మీరే."

కలం సిరాలో ముంచాడు. అది చాలాసేపు సిరాలోనే ఉంది. "విన్నాను" అన్నాడు చివరికి. రాజ్యలక్ష్మిని అడ్డంగా కొట్టేసి, ఇంటిపన్ను రిజిస్టరులో చూసుకుంటూ తాతయ్య పేరు రాశాడు.

ఇంటికి వస్తుంటే ముందు రాజ్యం, వెనక నానమ్మ, ఆ వెనక నేను. ఉండబట్టలేక అడిగాను, "పేరు చెప్పేవా నానమ్మా?" అని.

"ఏటోనే. ఆ గేటు సప్పుడులో నాకే ఇనబడనేదు" అంది.

తిట్టలేదు, కొట్టలేదు, తాతయ్యకి చెప్పలేదు. రాజ్యం ఈనిన రోజు నాకు జున్ను కూడా అందరితో సమానంగానే పెట్టింది. కానీ ఆ తర్వాత ఇంటికి ఏ ఆఫీసు మనిషి వచ్చి పేరు అడిగినా, నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నా సరే, గోడ మీంచి పక్కింటి అక్కని పిలిచేది. "ఓలె, ఓసారొచ్చి మా ఆయన పేరు సెప్పవే" అనేది. నేను లోపలికి వెళ్లి పుస్తకం తెరిచి, ఒకే పేజీ చదువుతూ కూర్చునేదాన్ని. అలా కొన్నేళ్లు గడిచాయి.

తాతయ్య పోయాక, చావు నమోదు చేసుకునేందుకు మనిషి వచ్చాడు. పేరు అడిగాడు. అలవాటుగా పక్కింటి అక్క ముందుకి వచ్చింది. నానమ్మ ఆమెని ఆపి, నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు సెప్పు" అంది. ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పాను. రాసింది రెండుసార్లు చదివించుకుని విన్నాను.

మొన్న కిటికీ దగ్గరా అంతే. నా పేరు అక్షరం అక్షరం చెప్పి, తెర ఇటు తిప్పమని, యజమాని గడిలో నేనూ, జంతువు గడిలో కుక్కా ఉన్నామో లేదో రెండుసార్లు చూసుకున్నాను. "సదివింది సాల్లేమ్మా, జరుగు" అంటున్నారు వెనకనించి. జరిగాను. ఈ వయసులో ఇంక చేసేదేముంది, జరగడమే. కాగితాలు సంచిలో పెట్టుకుని మెట్లు దిగుతుంటే, ఎదురు కొట్టువాడు ఇనుప షట్టరు దడాలున దించాడు. తల తిప్పాను. ఎక్కడ ఆ చప్పుడు విన్నా అంతే, మా నానమ్మ మా తాతయ్యని పేరు పెట్టి పిలిచినట్టే ఉంటుంది.