పరీక్షలమ్మ కింద పెట్టిన కలం

పరీక్షలమ్మ తెల్లవారుజామున కన్నుమూశారని సూళగిరి దగ్గర బస్సులో ఉండగా తెలిసింది. అప్పటినుంచి కూర్చుంటే లేవాలని, లేస్తే నడవాలని ఉంది. బైబిలు తెరిచినా కళ్లు నిలవడం లేదు.

కేసుల్లో చిక్కుకున్న ఆడపిల్లలను ఉంచే కృష్ణగిరి హోమ్‌లో నేను ఆదివారాలు వాక్యం చెబుతాను. ఆమె అక్కడ మనస్తత్వ పరీక్షలు చేసేవారు; అందుకే పిల్లలకు పరీక్షలమ్మ. హోసూరు బడిపిల్లలకూ వీళ్లకూ అవే బొమ్మలు చూపించి కథ చెప్పమనేవారు. ఎవరు ఎంత చెప్పారో, ఎలా చెప్పారో రాసుకునేవారు. బడిపిల్లలు గలగలా చెప్పేవారు. మా పిల్లలు రెండు మాటలకే ఆగిపోయేవారు. వీళ్లకు మాటలే తక్కువని పైవాళ్లు తేల్చేశారు.

ఆమె తేల్చలేదు. "స్టేషన్లో చెప్పిందంతా రాసుకున్నోళ్ల ముందర నిలబడి వచ్చినారప్పా. కలం చూస్తే ఇంగ యాడ మాట్లాడతారు?" అన్నారు పిల్లల ముందే నాతో. అంతటితో వదల్లేదు. "మీరూ గంటసేపు అరిచిపోతారే, ఒక నిమిషమన్నా వాళ్లను మాట్లాడనిచ్చినారా?"

పిల్లలు పకపకా నవ్వారు. బైబిల్లో, బిడ్డ కోసం పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థించిన స్త్రీని తాగివచ్చిందనుకున్న యాజకుడు నాకు గుర్తొచ్చాడు.

తర్వాత ఆమె సంచిలో పూలూ దారమూ వచ్చేవి. కలం కింద పెట్టి పిల్లలతో మాల కట్టేవారు. చేతులకు పని దొరికితే మాట తానే వస్తుందనేవారు.

కెలమంగలం పిల్ల ఒకతి ఉంది, దొంగతనం కేసు. అవ్వ దగ్గరికి పంపాలా, ఇక్కడే ఉంచాలా అన్నది పరీక్షలమ్మ నివేదిక చూశాకే తేలుస్తామని పైవాళ్లు అన్నారు. ఎన్నడూ నోరెత్తని ఆ పిల్ల పోయిన ఆదివారం, నేను పక్కన ఉండగానే, మాల కడుతూ అంది: "మా అవ్వ పట్టుపురుగులకు ఆకేస్తా నాతోనే మాట్లాడేదమ్మా. ఇప్పుడు పురుగులతో మాట్లాడతా ఉంటాది."

"మిగిలింది వచ్చే వారం చెబుదువులే. మాల ఈడే ఉండనీ," అన్నారామె.

ఆ నివేదిక రాయకుండానే ఇప్పుడు పోయారు. విన్నవాడు సాక్ష్యం చెప్పకపోతే దోషం వాడిదేనని నమ్ముతాను. హోమ్ మేడమ్ దగ్గరికి పోయి ఆ పిల్ల అన్న మాట చెప్పి, నివేదికలో అది చేరాలన్నాను.

"మీరెప్పుడు డాక్టరైనారప్పా?" అన్నారావిడ.

"కాలేదమ్మా. పరీక్షలకు కొత్తగా వచ్చే ఆమెను కలం కాసేపు కింద పెట్టమని చెప్పండి. పూలు నేను తెస్తాను."

ఈ ఆదివారం ప్రసంగం చేయలేదు. పూలు చూసి ఆ పిల్ల సగం కట్టిన మాల తెచ్చింది. "ఆయమ్మ రాదా?"

"రాదమ్మా."

నేను తెచ్చిన పూలు ఒళ్లో పోసుకుంది. తర్వాత దారం కొస నా చేతికిచ్చింది. నోరు మూసుకుని పట్టుకున్నాను. ఎండిన పూల పక్కన పచ్చి పూలు ముడిపడుతున్నాయి. ఆ పిల్ల పెదవులు కదులుతున్నాయి.