మా నాయన నోరు మూసుకున్న రోజు

మా నాయన నోరు మూసుకున్నది జన్మలో ఒక్కరోజే. అదీ నాతో పందెం వేసుకుని.

యుద్ధం రోజులు. నూలు దొరక్క మగ్గం వారంలో సగం రోజులు ఊరికే ఉండేది. నాయన నోటికి మాత్రం ఏ కరువూ లేదు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, దారిన పోయేవాళ్లను పిలిచి మరీ మాట్లాడేవాడు. అమ్మ పోయాక నేనూ మా ఇంటాయనా ఆయన దగ్గరే ఉన్నాం. ఆ వాగుడు భరించలేక రోజుకు పదిసార్లు విసుక్కునేదాన్ని.

నాలుక పక్కన లేచిన పుండును, వక్కాకు సున్నానికి పొక్కిందని చెప్పి చాలా రోజులు దాటేశాడు. తేనె పూశాం, పసరు పట్టించాం, ఒంటిమిట్ట రాములవారికి మొక్కుకున్నాం. తగ్గలేదు. మెడ కింద గడ్డ కట్టాక బండి కట్టించి మిషనాసుపత్రికి తీసుకుపోయాను. దొరసాని డాక్టరు వేలు పెట్టి చూసి, క్యాన్సరు, అంటే రాచపుండు అంది. మద్రాసులో రేడియమని ఒకటి పెడతారట గానీ, ఇంత ముదిరాక దాంతో పని కాదట. నాలుక ముప్పాతిక కోసేస్తే ఇంకొన్నాళ్లు బతకొచ్చు, మాట మాత్రం ఉండదు. ఆ బతకడమైనా కచ్చితంగా చెప్పలేనంది. వద్దనుకుంటే నొప్పికి మందిస్తాను, ఇంటిపట్టునే ఉంచుకోండి అంది. ఆమె దాపరికం లేకుండా చెప్పడం నాకు నచ్చింది. చెప్పింది ఒక్కటీ నచ్చలేదు.

తిరిగి వస్తుంటే బండిలో నాయన, "మన వంశంలో ఎవురికీ రాచమర్యాదలు జరగల్యా. నాకు పుండన్నా రాచపుండే వచ్చిండాది, చూడు పాపా" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"మద్రాసుకు పోదాం. కోయించుకో" అన్నాను.

"మాట ల్యాకుండా నేనేం చేసేది?"

"బతికుండేది. అంతే. నాకు నువ్వుంటే చాలు."

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సరే. రేపు పొద్దన్నుంచి పొద్దుగూకేదాకా మూగోని మాదిరి ఉంటా. ఉండగలిగితే మద్రాసుకు పోదాం. నోరు జారితే ఇంగ ఆ మాట ఎత్తగూడదు నువ్వు" అన్నాడు. ఆయన గెలవాలని నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

మర్నాడు నిజంగానే పెదవి విప్పలేదు. రోజూ కబుర్లకు వచ్చే పక్కింటి సాయిబు, పందెం సంగతి తెలియక, "ఏమప్పా, నాలిక యాడన్నా కుదవ పెట్టినావా?" అన్నాడు. నాయన భుజాలు అదిరేలా నవ్వాడు గానీ మాట రానివ్వలేదు. సాయిబు కాసేపు కూర్చుని, తోచక లేచిపోయాడు. నాయన గెలిచేటట్టే ఉన్నాడు. నేను సంతోషపడాలి. పడలేకపోయాను.

మధ్యాహ్నం సంగటి మెత్తగా చేసి, పులుసు పోసి ముందు పెట్టాను. అలవాటు కొద్దీ, "ఉప్పు సరిపోయిందా నాయనా?" అన్నాను. రోజూ అయితే, "మీయమ్మ చేతి ఉప్పు నీకు యాడొస్తాది" అని అందుకుని, అమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి కథంతా చెప్పేవాడు. నేను సగంలోనే లేచి పోయేదాన్ని. ఆ రోజు తలెత్తి నన్ను చూశాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, ఇంకో చిటికెడు అన్నట్టు చూపించాడు.

నాకు ఏడుపు ఆగలేదు. "మాట్లాడు నాయనా. నీకు దండం పెడతా, మాట్లాడు" అన్నాను.

భుజమ్మీది తువ్వాలుతో నా కళ్లు తుడిచాడు. "ఓడిపోయింది నేను గాదు పాపా, నువ్వు" అన్నాడు. ఆ వెంటనే, "మీయమ్మ కాపరానికి వచ్చిన దినం గూడా ఉప్పు తక్కవే ఏసింది, తెల్సునా" అని మొదలుపెట్టాడు. ఈసారి చివరిదాకా విన్నాను.

మద్రాసుకు పోలేదు. దొరసాని ఇచ్చిన మందుతో నొప్పి అణచుకుంటూ వానాకాలం దాటేదాకా మాట్లాడాడు. తర్వాత పుండే నాలుకను తినేసింది. అంబలి చెంచాతో పోసేదాన్ని. రుచి తెలియదని నాకు తెలుసు. అయినా, "ఉప్పు సరిపోయిందా నాయనా?" అని అడిగేదాన్ని.

ఆయన రెండు వేళ్లు కలిపి చూపించేవాడు. "మాయమ్మ చేతి ఉప్పు నాకు యాడొస్తాది" అని, అమ్మ కాపురానికి వచ్చిన కథ నేనే మొదలుపెట్టేదాన్ని.